మన చెక్క కింద ప్లాటినం ఉందా?

మన బ్లాగులో ఇప్పటిదాకా తాతయ్య బెంగళూరు చేరిన కథ వచ్చింది, నాయనమ్మ గోంగూర పచ్చడి కొలతలు వచ్చాయి, చిన్నత్త వంశవృక్షం పెట్టింది. ఈసారి నేను రాయి గురించి రాస్తున్నాను. ఎందుకో మన వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సంక్రాంతి నుంచి మన ఇంట్లో ఎవరు ఫోన్ చేసినా రెండో మాట ప్లాటినమే. గ్రూపులో నేను ముక్కలు ముక్కలుగా రాసింది ఎవరూ పూర్తిగా చదవలేదు, అందుకే అంతా ఒకచోట పెడుతున్నాను. బయటివాళ్ళు కూడా చదువుతారు గనక ముందు సంగతి చెప్తాను.

మాది ప్రకాశం జిల్లా, చీమకుర్తి వైపు ఒక ఊరు. తాతయ్య బతుకుతెరువుకి బెంగళూరు వచ్చేశారు. పెదనాన్న ఊళ్ళోనే ఉండి సేద్యం చూసుకున్నారు. నాన్న జిగణిలో ఒక రాళ్ళ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేశారు. విచిత్రం చూడండి, ఊరొదిలి ఇంత దూరం వచ్చిన మనిషి జీవితమంతా ఆ ఊరి రాయినే కోశారు. చీమకుర్తి, రామతీర్థం క్వారీల నుంచి లారీల్లో వచ్చే బ్లాకులే వాళ్ళ ఫ్యాక్టరీకి పెద్ద సరుకు. బ్లాక్ గెలాక్సీ అంటారు. నల్లటి రాయి, లోపల బంగారు రంగు మినుకులు. బెంగళూరులో సగం వంటగదుల గట్లు అదే రాయి.

తాతయ్య పేరు మీద ఉన్న నాలుగెకరాల చెక్క ఇంకా పంచుకోలేదు. పెద్దత్త వాటా అమ్ముదామని పోయిన దసరాకే అనుకున్నాం. మామయ్యకి బైపాస్ అయ్యింది, దానికి చేసిన అప్పు వడ్డీతో పెరుగుతోంది. పక్క చేను రైతు కొంటానన్నారు, ధర కూడా కుదిరింది. ఇంతలో సంక్రాంతికి ఒకాయన పెదనాన్న ఇంటికి వచ్చి, మీ చెక్క కింద ప్లాటినం బెల్టు పోతోంది, అరవై వేలు కడితే ఫుల్ సర్వే చేయిస్తాను, వాటాదారులందరూ అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టాలి అన్నాడు. చేతిలో ఒక ల్యాబ్ రిపోర్టు. పెదనాన్న అమ్మకం ఆపమన్నారు. పెద్దత్త ఒక్క మాట అనలేదు, గ్రూపులోంచి మాత్రం వెళ్ళిపోయింది.

ఆ వారమే పెదనాన్న నాకు ఫోన్ చేశారు. "ఏరా, నువ్వు చేసేది టెస్టింగే గదా. ఇది టెస్ట్ చేసి చెప్పు, ఉందా లేదా?"

మా పనిలో "ఉందా లేదా" అని మొదటే అడగం. ఉండాలంటే ముందు ఏమేం జరిగి ఉండాలి అని రాసుకుంటాం, ఒక్కోటి చూసుకుంటూ పోతాం. అదే చేశాను. సాయంత్రాలు కూర్చుని చదివాను. గవిపురంలో జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది, 1958లో పెట్టారు. కర్ణాటక రాళ్ళ మీద వాళ్ళ పాత పుస్తకాలు చాలా పనికొచ్చాయి. నేను స్కూల్లో చదివింది కన్నడ మీడియం కాబట్టి భూమి లోపలి కరిగిన రాయిని మాకు "శిలాపాక" అని నేర్పారు. తెలుగులో శిలాద్రవం అంటారట, మాగ్మా అని కూడా రాస్తారు. నాకు మాత్రం ఆ పాక అన్న మాటే నచ్చింది. ఎందుకంటే ఈ కథ మొత్తం పాకం కథే.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ వచ్చినాయన చెప్పింది గాలి కబురు కాదు. బ్లాక్ గెలాక్సీని గ్రానైట్ అని అమ్ముతారు గానీ అది గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి. భూమి పైపొర కింద మాంటిల్ అనే మందమైన పొర ఉంటుంది. అది కొంత కరిగితే వచ్చిన మాగ్మా పైకి వస్తూ మధ్యలో ఎక్కడో ఆగి, మెల్లగా చల్లారి గట్టిపడితే ఇలాంటి నల్లరాళ్ళు పుడతాయి. అందులోనూ మెగ్నీషియం, ఇనుము బాగా ఎక్కువుండి సిలికా తక్కువుంటే వాటిని అల్ట్రామాఫిక్ రాళ్ళంటారు. ప్రపంచంలో ప్లాటినం ఎక్కువగా దొరికేది ఈ కుటుంబం రాళ్ళలోనే. దక్షిణాఫ్రికాలో బుష్‌వెల్డ్, రష్యాలో నోరిల్స్క్ ఇలాంటివే. నికెల్‌కి పేరుపడ్డ చైనా జిన్‌చువాన్ కూడా ఇదే జాతి. మన రాష్ట్రంలో కొండపల్లి కొండల్లో అల్ట్రామాఫిక్ రాళ్ళున్నాయి, వాటిలో క్రోమైట్ ఉంది. కొండపల్లి అంటే మనకి బొమ్మలే గుర్తొస్తాయి గానీ భూగర్భశాస్త్రం వాళ్ళకి ఆ రాళ్ళే గుర్తు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సి. లీలానందం గారు కొండపల్లి మీదా, మన జిల్లా రాళ్ళ మీదా ఏళ్ళ తరబడి పనిచేశారు. అంటే జాతి సరిపోయింది. మోసం ఎప్పుడూ సగం నిజం మీదే నిలబడుతుంది కాబట్టి, మిగతా సగం ఎక్కడ ఆగిపోతుందో చూడాల్సి వచ్చింది.

మాంటిల్‌లో నికెల్, రాగి, ప్లాటినం అన్నీ కొద్దికొద్దిగా ఉంటాయి. అక్కడ వాటిలో చాలా భాగాన్ని పట్టుకుని ఉండేవి సల్ఫైడ్ గింజలు, అంటే గంధకంతో కలిసిన లోహాలు. మాంటిల్ కొంచెమే కరిగితే ఆ గింజలు అక్కడే మిగిలిపోతాయి. బాగా కరిగితేనే అవి పూర్తిగా కరిగి, లోహాలు మాగ్మాలోకి వస్తాయి. ఇది మొదటి షరతు.

అయితే లోహం మాగ్మాలో ఉంటే సరిపోదు. సముద్రంలో ఉప్పున్నట్టు అంతటా పలచగా ఉంటే ఎవరికీ పనికిరాదు. ఎక్కడో ఒకచోట పోగవ్వాలి. ఆ పోగు చేసేది గంధకం. ఇక్కడ నాకు మైసూర్ పాక్ గుర్తొచ్చింది. అమ్మ చేసేటప్పుడు చూడండి, పాకంలో శనగపిండి వేసి నెయ్యి పోస్తూ కలుపుతుంటే కాసేపు పోసిన నెయ్యంతా పీల్చుకుంటుంది. ఒక దశ దాటాక ఇక పట్టదు, నెయ్యి వదిలేయడం మొదలుపెడుతుంది, అంచుల్లో విడిగా కనిపిస్తుంది. మాగ్మా కూడా గంధకాన్ని కొంతవరకే పట్టుకుంటుంది. బసాల్ట్ లాంటి మాగ్మా అయితే సుమారు వెయ్యో వంతు, అంటే 0.1 శాతం దగ్గర. ఆ గీత దాటితే మిగిలిన గంధకం ఇనుముతో కలిసి, కరిగిన సల్ఫైడ్ బొట్లుగా విడిపోతుంది. నీళ్ళలో నూనె బొట్ల లాగా, రెండూ ద్రవాలే, కలవవు. ఒక్క తేడా ఉంది. నెయ్యి తేలుతుంది, ఈ బొట్లు మునుగుతాయి. మాగ్మా బరువు నీటికి 2.7 రెట్లుంటే వీటిది 4 రెట్ల పైనే.

ఆ గీత ఎలా దాటుతుంది? చల్లారుతూ ఉంటే చివరికి ఎలాగూ దాటుతుంది, కానీ అప్పటికి చాలా ఆలస్యం అయిపోతుంది, వచ్చేది కూడా కొంచెమే. పెద్ద గనులున్న చాలా చోట్ల జరిగిందేమిటంటే, పైకొచ్చే దారిలో మాగ్మా గంధకం ఉన్న రాళ్ళని కరిగించి మింగింది. నోరిల్స్క్‌లో 25 కోట్ల ఏళ్ళ కిందట మాగ్మా వచ్చిన దారిలో జిప్సం లాంటి పొరలు, బొగ్గు పొరలు ఉన్నాయి. అమెరికాలో డులూత్ దగ్గర గంధకం ఉన్న షేల్ రాయి ఉంది. బయటినుంచి గంధకం రాకపోతే పెద్ద గని కావడం కష్టం. కొన్నిచోట్ల సిలికా ఎక్కువున్న రాయిని మింగినా, కొత్త మాగ్మా వచ్చి పాతదాంతో కలిసినా ఈ విరుగుడు జరుగుతుందంటారు. పాలు విరిగినట్టే అనుకోండి.

తర్వాతి మెట్టు నాకు అన్నిటికంటే నచ్చింది. కోడికూర ఉడికాక పైన తేలే నూనె చూశారా? వేసింది నాలుగు గరిటెలే, పులుసు గిన్నెడు. కానీ కారం ఎరుపంతా ఆ నూనెలోకే వచ్చేస్తుంది. సల్ఫైడ్ బొట్టూ అంతే. చుట్టూ ఉన్న మాగ్మా కంటే నికెల్‌ని కొన్ని వందల రెట్లు ఎక్కువగా, రాగిని వెయ్యి రెట్ల దాకా, ప్లాటినాన్ని పదివేల రెట్లకి పైగా లాక్కుంటుంది. కానీ లాక్కోవాలంటే తగలాలి. కూర కలపకుండా వదిలేస్తే నూనెకి అంత రంగు రాదు గదా. కొద్ది సల్ఫైడ్ ఎంత ఎక్కువ మాగ్మాతో కలిసి తిరిగితే అంత బలం. 1979లో క్యాంప్‌బెల్, నాల్డ్రెట్ అనే ఇద్దరు దీన్ని లెక్కలో పెట్టారు, ఆర్ ఫ్యాక్టర్ అంటారు. ప్లాటినం కావాలంటే ఆ నిష్పత్తి చాలా పెద్దదిగా ఉండాలి. అందుకే మాగ్మా ఒకసారి వచ్చి ఆగిపోయిన చోట కాకుండా, కాలవలో నీళ్ళలా మళ్ళీ మళ్ళీ ప్రవహించిన దారుల్లో మంచి గనులు దొరుకుతాయి. జిన్‌చువాన్ చూడండి, ఆ రాయి పొడవు ఆరు కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు కొన్ని వందల మీటర్లు. మన ఎలక్ట్రానిక్ సిటీ కంటే పెద్దదేమీ కాదు. అయినా ప్రపంచంలో పెద్ద నికెల్ గనుల్లో ఒకటి. అది పెద్ద మాగ్మాకి దారి మాత్రమే అయి ఉంటుందని అంటారు.

ఇంకో చిక్కుంది. ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజం. మాగ్మా చల్లారేటప్పుడు ముందుగా గట్టిపడేవాటిలో ఇదొకటి, దీనికీ నికెల్ అంటే ఇష్టమే. సల్ఫైడ్ బొట్లు రాకముందే ఆలివిన్ దిగిపోతే నికెల్ దాంతో వెళ్ళిపోతుంది. తర్వాత సల్ఫైడ్ వచ్చినా దానికి మిగిలేది ఇనుమే. పెళ్ళిలో ఆలస్యంగా వెళ్ళినవాడి విస్తరి సంగతి తెలిసిందే.

ఇవన్నీ కుదిరి, బొట్లు మునిగి, దారి వెడల్పైన చోటో గుంటలోనో పోగై, వెయ్యి డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలవుతుంది. ఇంకా చల్లారేకొద్దీ పిరోటైట్, పెంట్లండైట్, చాల్కోపైరైట్ అనే మూడు ఖనిజాలుగా విడిపోతుంది. మొదటిది ఇనుముది, రెండోది నికెల్‌ది, మూడోది రాగిది. ప్లాటినం కంటికి కనిపించదు. బుష్‌వెల్డ్‌లో మెరెన్స్కీ రీఫ్ అని 1924లో కనిపెట్టిన పొర ఉంది. అంత పేరున్న పొరలో కూడా ప్లాటినం జాతి లోహాలన్నీ కలిపి టన్నుకి 5 నుంచి 10 గ్రాములు. పొర మందం చాలాచోట్ల ఒక మీటరు లోపే. మెరిసేది ప్లాటినం అనుకునేవాళ్ళకి ఇది మొదట చెప్పాలి.

బ్లాక్ గెలాక్సీలో మెరిసేది బ్రాంజైట్. ఇనుము, మెగ్నీషియం, సిలికా కలిసిన మామూలు ఖనిజం, లోపలి సన్నటి పొరల మీద వెలుగు పడి తిరిగొస్తుంది. నా చిన్నప్పుడే నాన్న చెప్పారు, "బంగారమైతే మనల్ని ముట్టుకోనిస్తార్రా?" అని.

నాన్న దగ్గర ఇంకో సమాచారం ఉంది, నేను అడిగేదాకా ఎవరూ అడగలేదు. స్లాబులో సల్ఫైడ్ గింజలుంటే పాలిష్ అయ్యాక, తడి తగిలిన కొన్నాళ్ళకి, తుప్పు మరక వస్తుంది. ఎగుమతి సరుకులో అది పెద్ద తలనొప్పి. కాబట్టి పాలిష్ లైన్ దగ్గర నిలబడేవాళ్ళకి ఇత్తడి రంగు చుక్కలు వెతకడం కంటికి అలవాటైపోతుంది. వేరే చోట్ల నుంచి వచ్చే కొన్ని రాళ్ళలో ఆ చుక్కలు బాగా చూశారట. "మన రాయిలో ఎప్పుడో ఒకటి అర. అందుకే గదా దానికంత రేటు" అన్నారు. ఇరవై ఆరేళ్ళ పాటు ఒక మనిషి ఒకే రాయిని అంగుళం అంగుళం చూశాడంటే, మా ఆఫీసులో ఏ రిగ్రెషన్ టెస్టూ దానికి సాటి రాదు. సల్ఫైడ్ చాలా తక్కువున్న పొరల్లో కూడా ప్లాటినం ఉండే రకాలు ఉన్నాయి కాబట్టి దీంతోనే తేల్చెయ్యలేం. కానీ సంచులకొద్దీ ఉందన్న మాట మాత్రం నిలబడదు. నాన్న ఇప్పుడు ఇన్‌హేలర్ పెట్టుకుని తిరుగుతున్నారు, ఆ లైన్ దగ్గర దుమ్ము మాటెత్తితే మాత్రం మాట మారుస్తారు. అది వేరే పోస్టు.

ఇక ఆ ల్యాబ్ రిపోర్టు. పెదనాన్న ఫొటో పంపారు. "ప్లాటినం: 0.004" అని ఉంది. దేనికి 0.004? యూనిట్ లేదు. శాతం అయితే టన్నుకి 40 గ్రాములు, మెరెన్స్కీ రీఫ్ కంటే ఎన్నో రెట్లు, అదే నిజమైతే ఆ ఊరికి ఈపాటికి సగం ప్రపంచం దిగి ఉండేది. పీపీఎం అయితే టన్నుకి 0.004 గ్రాము, అంటే గ్రాములో వెయ్యో వంతులు నాలుగు. అంత ప్లాటినం మామూలు నల్లరాళ్ళలో కూడా ఉంటుంది. రెండు అర్థాలకీ మధ్య పదివేల రెట్ల తేడా. మా పనిలో యూనిట్ లేని అంకె వస్తే ఆ టికెట్ అక్కడే వెనక్కి పంపిస్తాం. పైగా ఆ రాయి ఎక్కడిదో రాయలేదు. సర్వే నంబరు లేదు, లోతు లేదు, ఒకే ఒక్క ముక్క. మన చెక్కలో ఎవరూ గడ్డపార వెయ్యలేదని పెదనాన్నే చెప్పారు. మరి రాయి ఎక్కడి నుంచి వచ్చినట్టు?

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ భూకోశ్ వెబ్‌సైట్‌లో రాళ్ళ మ్యాపులు ఎవరైనా చూడొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. మన ఊరు వెతికి, మన చెరువు, రోడ్డు ఆనవాళ్ళు పట్టుకుని చూశాను. నల్లరాయికి వేసిన రంగు మన చెక్కకి అవతలే ఆగిపోయింది. మన కింద చూపించింది వేరే రాయి. 1:50,000 మ్యాపులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు, కాబట్టి గట్టు మీద గీత గీసినట్టు చెప్పలేను. అయినా ఆ అంచు మన చేలోకి రావాలంటే మ్యాపు వేసినవాళ్ళు చాలా దూరం పొరబడాలి.

సల్ఫైడ్ నిజంగా నేల దగ్గర్లో ఉంటే దాచుకోదు కూడా. గాలికీ వానకీ గంధకం పోయి, ఇనుము తుప్పుపట్టి, పైన గుల్లగుల్లగా ఒక పెచ్చు మిగులుతుంది. గాసన్ అంటారు. 1993లో కెనడాలోని లాబ్రడార్‌లో ఇద్దరు వజ్రాలు వెతుక్కుంటూ తిరుగుతుంటే తుప్పు రంగు గుట్ట ఒకటి కనిపించింది. దిగి చూస్తే వాయిసీస్ బే అనే పెద్ద నికెల్ గని. సడ్‌బరీ అయితే 1883లో రైలు పట్టాలు వేస్తూ బయటపడింది. మన చేలో ఎర్రమట్టి ఉంది గదా అని బాబాయ్ అడిగాడు. బాబాయ్, ఎర్రమట్టి ఉంటే చాలనుకుంటే రాయలసీమ అంతా నికెలే.

ఒకవేళ ఉందనే అనుకుందాం. అప్పుడు కూడా ఆ అగ్రిమెంటుతో ఒరిగేదేమీ లేదు. గ్రానైట్ చిన్న తరహా ఖనిజం, లీజులు రాష్ట్రం ఇస్తుంది. ప్లాటినం అలా కాదు. 2023లో గనుల చట్టం మార్చినప్పుడు నికెల్, ప్లాటినం జాతి లోహాలు కలిపి 24 ఖనిజాల్ని కీలకమైనవిగా పెట్టారు, వాటి వేలం కేంద్రం చేస్తుంది. లైసెన్సు లేకుండా అన్వేషణ కూడా చెయ్యకూడదు. అరవై వేలు తీసుకుని సర్వే చేస్తానన్నవాడు ముందు ఆ కాగితం చూపించాలి. మన పక్క రాష్ట్రం మాటే చూడండి, దావణగెరె జిల్లా చన్నగిరి తాలూకాలో హనుమలాపుర అనే ఊరుంది. అక్కడ అల్ట్రామాఫిక్ రాళ్ళలో ప్లాటినం జాతి లోహాలు నిజంగా ఉన్నాయని సర్వేవాళ్ళే గుర్తించారు. ఏళ్ళు గడిచాయి, శాస్త్రవేత్తలు పేపర్లు రాశారు, గని మాత్రం రాలేదు. నిజంగా ఉన్నచోటే పరిస్థితి ఇది.

ఇవన్నీ పెదనాన్నకి ఫోన్లో గంటన్నర చెప్పాను. మధ్యలో మైసూర్ పాక్ దగ్గర మాత్రం బాగా విన్నారు. చివరికి నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాయించాను: అంకెకి యూనిట్ ఏమిటి, రాయి ఏ సర్వే నంబరులోది, ఏ ల్యాబు ఏ పద్ధతిలో చూసింది, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది. ఆయన వచ్చినప్పుడు చదివి వినిపించారట. రెండు వారాల్లో సమాధానాలు తెస్తానని వెళ్ళాడు. అది ఫిబ్రవరిలో.

పెద్దత్త వాటా రిజిస్ట్రేషన్ పోయిన నెల అయిపోయింది. సంతకాలకి నాన్నని నేనే తీసుకెళ్ళాను, పెదనాన్న మొదటి సంతకం పెట్టారు. పెద్దత్త మళ్ళీ గ్రూపులోకి వచ్చింది, వచ్చిన రోజే మామయ్య వాకింగ్ ఫొటో పెట్టింది. పెదనాన్న మాత్రం తన వాటా అమ్మనన్నారు. అమ్మమని ఎవరూ అడగలేదు కూడా.

మొన్న ఆదివారం నాకు ఒక వీడియో పంపారు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి దారం కట్టి, క్వారీ వైపు నుంచి తెచ్చిన నల్లరాయి దగ్గర పట్టుకున్నారు. అది ఊగి ఊగి రాయికి అతుక్కుంది. వెనక పెద్దమ్మ గొంతు, "చాల్లెండి, అన్నానికి రండి" అని. పిరోటైట్ అయస్కాంతానికి అంటుకుంటుందని నేనే చెప్పాను మరి. కానీ ఈ రాళ్ళలో మాగ్నటైట్ కూడా ఉంటుంది, అది ఇంకా గట్టిగా అంటుకుంటుంది. "మాగ్నటైట్ అయ్యుంటుంది పెదనాన్నా" అని రాశాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.